ఇంటి నుంచి తెచ్చిన ఉప్పు

"ఉప్పు డబ్బా ముట్టుకోవద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాలే?"

"నీ డబ్బా నేను ముట్టలేదమ్మా. మా ఇంట్లకెంచి ఉప్పు పొట్లం కట్టుకొచ్చి ఏసిన."

"ఇంటి నుంచి ఉప్పు తెచ్చావా? నా వంటింట్లోకి?"

"మరేం జేయాలె? నువ్వు డబ్బాకు తాళమేసి గ్యాస్ ఆఫీసుకు పోతివి. పదకొండు కాంగనే జనం వచ్చి నిలవడ్డరు. పప్పొక్కటే ఉన్నదాయె. ఉప్పు లేని పులుసు ఎవలు కొంటరు?"

"అసలు పులుసు పెట్టమని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవ్వలు చెప్పలె. ఖాళీ సిలిండర్ చెప్పింది."

బయట నిలబడ్డ వాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నా కోపాన్ని రెండింతలు చేసింది.

ఈ మాటలు జరిగింది తార్నాకలో, క్యాంపస్ వైపు వెళ్ళే సందులో ఉన్న మా కర్రీ పాయింట్‌లో. యజమానిని నేను. నాకు ఎదురు చెబుతున్నది ఆలేరు వైపు నుంచి వచ్చి పదకొండేళ్ళుగా నా దగ్గర వంట చేస్తున్న ఆమె. మధ్యలో కౌంటర్ దగ్గర నిలబడి, ప్యాకెట్లకు రబ్బరు బ్యాండ్లు చుడుతూ, ఏ వైపూ చూడకుండా రెండు చెవులూ ఇటే పెట్టినది నా కోడలు. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులు. వారానికి రెండు బందులు, మధ్యలో సమ్మెలు. గ్యాస్ లారీలు రాక మూడు వారాలైంది. ఉన్న ఒక్క సిలిండర్ మీద పప్పు ఉడికించి, దానికి ఉప్పు వేసి, డబ్బా అలమారులో పెట్టి తాళం వేసుకుని, ఖాళీ సిలిండర్ నంబరు కాగితం పట్టుకుని నేను క్యూలో నిలబడడానికి వెళ్ళాను. ఉత్త చేతులతో తిరిగి వచ్చేసరికి సాంబారు ఉండాల్సిన పెద్ద స్టీలు బేసిన్‌లో ఎర్రగా, పల్చగా, పైన ఉల్లిపాయ ముక్కలు తేలుతూ ఏదో ఉంది.

"పచ్చిపులుసు అమ్ముతారటే ఎవరైనా? ఇంట్లో ఏమీ లేనినాడు చేసుకుని గుట్టుగా తినేది అది!"

"గిప్పుడు మనింట్ల ఏమున్నదని? గ్యాస్ ఉన్నదా? కూరగాయల లారీ వచ్చిందా?"

"నా కొట్టు పేరు చూసి వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?"

"మంచిగున్నదనుకుంటున్నరు. పన్నెండు ప్యాకెట్లు పోయినయి. నీ కోడల్నడుగు."

కోడలు రబ్బరు బ్యాండు చుడుతూనే, "పద్నాలుగు, అత్తయ్యా" అంది.

అప్పుడు నేను చేసిన పని ఇక్కడ రాయకుండా దాటేయవచ్చు. రాస్తాను. దొండకాయ చివర్లు ఎవరైనా అరంగుళం లావుగా కోస్తే వాటిని ఏరి చూపించి మందలించేదాన్ని నేను. అన్నం మెతుకు సింకులో పడితే ఊరుకునేదాన్ని కాను. అలాంటి నేను ఆ బేసిన్‌ని రెండు చేతులా ఎత్తి, వెనక తలుపు దగ్గరికి మోసుకెళ్ళి, కాలవలో వంపేశాను. నా చేతులతో నేను పారబోసిన మంచి వంట అదొక్కటే. మంచిదో కాదో కూడా అప్పటికి నాకు తెలియదు. రుచి చూడలేదు.

ఆమె నడుముకు చుట్టుకున్న పాత తువ్వాలు విప్పి, దులిపి, మేకుకు తగిలించింది. వాడిన వస్తువు తన మేకుకే తిరిగి చేరాలన్నది నా నియమం. ఆ కోపంలో కూడా దాన్ని తప్పలేదు.

"రామంతాపూర్‌ల హాస్టల్ మెస్ నడిపే ఆమె మూడు నెలల సంది పిలుస్తున్నది. వంటిల్లు మొత్తం నీకే ఒప్పజెప్త అంటున్నది. నేనే పోలె. రేపటికెంచి నేను రానమ్మా."

"నీ ఇష్టం" అన్నాను.

షట్టర్ కింద నుంచి వంగి వెళ్ళిపోయింది.

*

నా నియమాల గురించి చెప్పాలి, లేకపోతే నన్ను వట్టి మూర్ఖురాలని అనుకుంటారు. నేను చదివింది అయిదో తరగతి. మా ఆయన రైల్వేలో చేసేవారు. మెట్టుగూడ క్వార్టర్స్‌లో ఇరవై ఏళ్ళున్నాం. ఆయన పోయాక క్వార్టర్ ఖాళీ చేసి తార్నాకలో ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు నాకు చేతనైనది వంట ఒక్కటే. ముందు గదిలో బల్ల వేసి నాలుగు గిన్నెలు పెట్టాను. యూనివర్సిటీ పిల్లలు, బ్యాంకు గుమాస్తాలు, కొత్తగా కాపురం పెట్టిన జంటలు, ఇంట్లో అన్నం మాత్రం వండుకుని కూరలు కొనుక్కెళ్ళే వాళ్ళందరూ వచ్చారు. ఆ సందులో నా తర్వాత ఆరు కర్రీ పాయింట్లు తెరుచుకున్నాయి, ఆరూ మూతపడ్డాయి. మాది నిలబడింది. ఎందుకు నిలబడిందో నాకు బాగా తెలుసు.

సోమవారం దొండకాయ వేపుడంటే సోమవారం దొండకాయ వేపుడే. గోడ మీద పలకలో ఏడు రోజుల కూరలూ మొదటి ఏడాది రాసినవి అలాగే ఉన్నాయి. సున్నం వేసినప్పుడు పలక తీసి మళ్ళీ తగిలించేవాళ్ళం. ముక్కలన్నీ ఒకే సైజు. పొద్దుటి కూర సాయంత్రం బల్ల మీదికి రాకూడదు. ఎవరు తోమిన గిన్నెకు వాళ్ళే జవాబుదారీ. చింతపండు ఒకసారి పిసికి పారేయకూడదు. మొదటి రసం సాంబారుకు, రెండోసారి నీళ్ళు పోసి పిసికినది వేరే గిన్నెలో, మర్నాటి చారుకు. ఇవన్నీ ఇవాళ అడిగినా సరైనవే అంటాను. నియమం లేని వంటిల్లు ఆర్నెల్లు నడవదు.

ఇంకో నియమం ఉండేది. ఉప్పూ కారం నా చేతితోనే పడాలి. వండుతున్నది ఎవరూ నోట్లో పెట్టుకోకూడదు.

మా పుట్టింట్లో, కృష్ణ ఒడ్డున, దేవుడికి పెట్టకముందు వంట రుచి చూస్తే ఎంగిలి. మా అమ్మ జీవితంలో ఒక్క కూర కూడా రుచి చూసి వండలేదు. రంగు చూసి, వాసన పట్టి, గరిటె నుంచి జారే తీరు చూసి ఉప్పు వేసేది. నాకూ అదే అబ్బింది. ఇంట్లో ఆ అలవాటుతో ఆరుగురికి వండాను, కొట్లో అదే అలవాటుతో రెండు వందల మందికి వండించాను. ఇల్లు వేరు, కొట్టు వేరు అని నాకు తోచలేదు. కొట్లో దేవుడి పటం ఉంది కదా, ముందు ఆయనకు పెట్టే కదా అమ్ముతున్నాం అనుకునేదాన్ని. ఎవరైనా గరిటె నాకితే నేను చూసిన చూపుకు మళ్ళీ నాకేవారు కారు.

దాని ఫలితం ఏమిటంటే, నా వంటింట్లో పదకొండేళ్ళు వండినామెకు నా కూరల రుచి తెలియదు. తెలియని దాని గురించి ఆమె ఏమని సలహా ఇస్తుంది?

ఈ ప్రశ్న నాకు సొంతంగా తట్టలేదు. ఆ గొడవకు నెల రోజుల ముందు క్యాంపస్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వ్యాపారం చదువు చదువుతోంది. రోజూ పప్పు కొనుక్కెళ్ళే పిల్లే. చిన్న చిన్న తిండి వ్యాపారాల్లో యజమాని నడిపే తీరును బట్టి కొత్త వంటకాలు ఎలా పుడతాయో రాయాలట. చేతిలో అచ్చేసిన ప్రశ్నల కాగితం.

"అమ్మమ్మా, కొత్త ఐటమ్ పెట్టాలంటే ఎవరు డిసైడ్ చేస్తరు?"

"నేను."

"లాస్ట్ టైమ్ కొత్త ఐటమ్ ఎప్పుడు పెట్టిన్రు?"

ఆలోచించాను. "మా మనవరాలు పుట్టిన ఏడాది. బీరకాయ పచ్చడి."

"మనవరాలు ఇప్పుడు ఏం చదువుతున్నది?"

"నాలుగు."

ఆ పిల్ల నవ్వు ఆపుకుని రాసుకుంది. "మీ పనోళ్ళు ఏమన్న కొత్తది చేద్దమని చెప్తరా?"

"చెప్పరు."

"ఎందుకు చెప్పరు?"

"చెప్పడానికి ఏముంటుంది? పలక మీద అన్నీ రాసే ఉన్నాయి కదా."

పొయ్యి దగ్గర నుంచి వంటామె, "గట్ల రాస్కో బిడ్డా, పలక మీద రాసుంది అని" అంది. అప్పుడు అది హాస్యమనుకున్నాను. ఆ పిల్ల ఆమె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి చివరి ప్రశ్న అడిగింది.

"కొత్తది చేసి చెడిపోయిందనుకో అమ్మమ్మా, అప్పుడు ఏం చేస్తరు?"

"నా దగ్గర చెడదు" అన్నాను.

దానికేదో చాలా సేపు రాసుకుంది. కాగితం మీద అడ్డంగా గీత కూడా గీసింది. వెళ్ళేటప్పుడు ఒక పప్పు, ఒక దోసకాయ పచ్చడి కొనుక్కెళ్ళింది.

*

ఆ మధ్యాహ్నం పప్పు మాత్రమే ఉన్న కొట్టు ఎలా ఉంటుందో చూశాను. వచ్చినవాళ్ళు బల్ల మీదికి వంగి, "ఆంటీ, పొద్దున పులుసు ఉండెగద?" అని అడిగారు. "అయిపోయింది" అని కోడలు చెప్పింది. నాలుగోసారికి "అయిపోయింది" అనకుండా నా వైపు చూడడం మొదలుపెట్టింది.

"ఏంటి చూస్తావు? అడిగినవాళ్ళకు చెప్పు."

"ఏమని చెప్పమంటారు అత్తయ్యా? అయిపోయిందనా, అయిపోగొట్టామనా?"

పదేళ్ళ కాపురంలో కోడలు నాకు ఎదురు చెప్పింది అప్పుడే. నేను వెనక్కి వెళ్ళి రెండో రసం గిన్నె మూత తీశాను. ఖాళీ. ఆమె పులుసు కలిపింది దానితోనే. మొదటి రసం గిన్నె ముట్టుకోలేదు. పొద్దున కూరగాయలు రాక మిగిలిపోయిన ఉల్లిపాయలు, పచ్చడికని వేయించిన నువ్వుల్లో అడుగున మిగిలిన పొడి, నేను నియమం పెట్టి దాచించిన చింతపండు నీళ్ళు. పచ్చిమిరపకాయలు కాల్చడానికి మాత్రం పొయ్యి రెండు నిమిషాలు వెలిగించి ఉంటుంది. నా పొదుపంతా ఆ బేసిన్‌లోకి చేరింది. నేనైతే ఆ సరుకు చూసి ఈ రోజుకు సాంబారు లేదు అనుకున్నాను. ఆమె అదే సరుకు చూసి పులుసు ఉంది అనుకుంది.

ఇంకో సంగతి కూడా అక్కడ నిలబడే గుర్తొచ్చింది. రెండు నెలల ముందు ఒక బందు రోజున మేం షట్టర్ సగం దించి అమ్ముతున్నాం. ఊరేగింపు నుంచి విడిపోయిన నలుగురైదుగురు వచ్చి షట్టర్ మీద కర్రతో కొట్టారు. "ఆంధ్రోళ్ళ కొట్టు. బందు పెట్టమంటే ఇనరు" అన్నారు. నా మాట వింటే ఏ జిల్లానో తెలిసిపోతుంది కనుక నేను నోరు మెదపలేదు. ఆమె గరిటె పట్టుకునే బయటికి వెళ్ళింది.

"ఏంది? ఎవల కొట్టు? గిది నాది గూడ. పొద్దుగాల ఆరింటికెంచి గీడ పొయ్యి ముందట కూసునేది నేను. హాస్టల్ పిల్లలకు మెస్ బంద్ అయితే అన్నం ఎవలు పెడ్తున్నరనుకున్నరు? మీ అయ్యనా?"

వాళ్ళలో ఒకడు రోజూ మా దగ్గర పప్పు కొనేవాడే. తల దించుకుని, "నడువుండ్రి, నడువుండ్రి" అని మిగతావాళ్ళను తీసుకెళ్ళిపోయాడు. ఆమె లోపలికి వచ్చి ఏమీ జరగనట్టు వంకాయలు తిప్పింది. ఆ వంకాయల్లో ఉప్పు నేనే వేశాను.

రెండింటికి ఆ ప్రశ్నల కాగితం అమ్మాయి వచ్చింది. "అమ్మమ్మా, పచ్చిపులుసు ఇంకో మూడు ప్యాకెట్లు. మా రూమోళ్ళు నా ప్యాకెట్ల చెయ్యి పెట్టి మొత్తం తాగేసిన్రు" అంది.

"లేదు."

"లేదా, పారబోసిన్రా?"

సందులో వార్త అంత వేగంగా తిరుగుతుంది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆ పిల్ల తగ్గలేదు. "వంట ఆంటీ క్యాంపస్ గేటు కాడ ఉన్నది. ఇయ్యాల వంటావార్పు. అందరు రోడ్డు మీదనే వండుకొని తింటున్నరు. ఆమెకు పెద్ద గంజు ఒప్పజెప్పిన్రు" అని చెప్పి వెళ్ళిపోయింది.

నేను కోడలితో, "షట్టర్ దించు. సాయంత్రం తెరవొద్దు" అన్నాను. పదకొండేళ్ళలో సాయంత్రం తెరవని రోజు అదే.

"ఎక్కడికి అత్తయ్యా? అక్కడ పోలీసులుంటారు. మొన్ననే గ్యాస్ వదిలారు, కళ్ళు మండి చచ్చాం."

"గ్యాస్ కోసమే పొద్దుటి నుంచీ తిరుగుతున్నా. ఏ గ్యాస్ దొరికితే అది" అన్నాను, గొడుగు తీసుకుంటూ.

*

క్యాంపస్ రోడ్డు మీద బస్సులు లేవు. ముళ్ళ కంచె చుట్టలు ఒక పక్కకు లాగి పెట్టారు. ఒక కానిస్టేబుల్ "ఎక్కడికమ్మా?" అన్నాడు. "మా వంటామె కోసం" అన్నాను. అతనికి అర్థమైందో లేదో గానీ, పొమ్మన్నాడు.

నడిరోడ్డు మీద వరసగా ఇటుకల పొయ్యిలు. పొగ. డప్పు ఒక చోట ఆగి ఒక చోట మోగుతోంది. చదువుకునే పిల్లలు కట్టెలు ఊదలేక దగ్గుతుంటే ఆడవాళ్ళు వాళ్ళను పక్కకు నెట్టి ఊదుతున్నారు. నన్ను చూసి ఒకావిడ జరిగి చోటిచ్చి, "ఏ ఊరు పెద్దమ్మా మీది?" అని అడిగింది.

"తార్నాక" అన్నాను.

నా యాస విని ఆవిడ నన్ను తేరిపార చూసింది. "తార్నాకేనా?"

"ముప్పై ఏళ్ళ నుంచి ఇటు వైపే. ఆ పొయ్యిలో కట్టె వెనక్కి లాగు, పొగ ఎక్కువైంది" అన్నాను. ఆవిడ నవ్వి లాగింది.

మా వంటామె అక్కడే ఉంది, నాలుగు పొయ్యిల అవతల. అన్నం దించేసి, పక్కన పెద్ద గంజులో పులుసు కలుపుతోంది. నన్ను చూడలేదు. నేనూ పిలవలేదు. గొడుగు మూసి ఒక చెట్టు కింద నిలబడి ఆమె పని చూశాను. పదకొండేళ్ళు ఆమె వెనక నిలబడి ముక్కల సైజు చూశాను గానీ ఆమె వండడం చూడలేదని అప్పుడే తెలిసింది.

కొలత లేదు. గుప్పెడు. మళ్ళీ సగం గుప్పెడు. గరిటెతో తీసి, చుట్టూ ఉన్నవాళ్ళ అరచేతుల్లో ఒక్కొక్క చుక్క వేసింది. "చూడుండ్రి. ఏం దక్కువున్నది?"

"ఉప్పు" అందొకమ్మాయి.

"నీకేం దక్కువున్నది పెద్దమ్మా?"

"పులుపు జర తగ్గాలె."

"కారం ఎక్కువైంది అక్కా" అన్నాడు ఒక కుర్రాడు.

"నీకు చక్కెర నీళ్ళు కలుపుతగని ఆ పక్కకు కూసో" అంది. అందరూ నవ్వారు. కానీ ఆ కుర్రాడి మాట పారేయలేదు. ఇంకో బిందె నీళ్ళు పోసి, బెల్లం గడ్డ నలిపి వేసి, మళ్ళీ అతని అరచేతిలోనే చుక్క వేసింది. అతను నాకి తల ఊపాడు. అప్పుడు మూత పెట్టింది.

అంతమంది నాలుకలు పెట్టుకుని ఒక గంజు వండడం నేను ఎరగను. నా లెక్కలో అది ఎంగిలి. కానీ ఎంగిలి అయిందని ఎవరూ తినడం మానలేదు. అందరూ అది తమ పులుసే అన్నట్టు ఆకులు పట్టుకుని ముందుకు వచ్చారు. అందులో ఒక్కరూ బాగాలేదని అనరు. ఎలా అంటారు? ఉప్పు చెప్పింది వాళ్ళే.

వడ్డన వరసలో నేనూ కూర్చున్నాను. ఆమె గరిటెతో వచ్చి నా విస్తరి దాకా వంగాక నా ముఖం చూసింది. చేయి ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత అన్నం మధ్యలో గుంట చేసి పులుసు పోసింది, పక్కవాళ్ళకు పోసినంతే.

తిన్నాను. పొద్దున నేను కాలవలో వంపింది ఏమిటో అప్పుడు తెలిసింది. ముందు పులుపు తగిలింది, వెనక నువ్వుల కమ్మదనం, చివర కాల్చిన మిరపకాయ. ఉల్లిపాయ ముక్క పంటి కింద కరకరలాడింది. ఆ ఎండలో, ఆ పొగలో, ఒంట్లోకి చల్లగా దిగింది. మొత్తం తిని, విస్తరి మడిచి, ఆమె దగ్గరికి వెళ్ళాను.

"బెల్లం ఒక పిసరు ఎక్కువైంది" అన్నాను.

ఆమె గంజు వైపే చూస్తూ, "ఎక్కువైందని చెప్పనీకె నోట్లె పెట్టుకోవాలె గదమ్మా. పొద్దుగాల పెట్టుకోకపోతివి" అంది.

"పొద్దున తప్పు చేశాను."

ఈ మాట మా ఆయనతో కూడా ఎప్పుడూ అన్న గుర్తు లేదు నాకు. ఆమె గరిటె గంజు అంచుకు ఆనించి నా వైపు తిరిగింది.

"పులుసు పోయినందుకు నాకు బాధ లేదమ్మా. నీ సరుకు, నీ ఇష్టం. పదకొండేండ్ల సంది నీ పొయ్యి కాడ ఉన్న. మా ఇంట్ల ఉప్పుకు నీ ఇంట్ల జాగ లేకపాయె. గదీ నా బాధ."

"రేపు పొద్దున ఆరింటికి రా."

"రామంతాపూర్ ఆమెకు పొద్దుమీకి చెప్త అన్న."

"సాయంత్రం ఏమని చెబుతావు?"

"నువ్వేం చెప్తవో గది జూసి చెప్త." నా కళ్ళలోకి చూస్తూ అడిగింది. "వారంల ఒక్క గిన్నె నాది. నేను ఏం వండుత అన్నది నువ్వు అడగొద్దు. చెడితే చెడిందనాలె, నా మీద పడొద్దు. పైలంగనే చేస్త, చిన్న గిన్నెనే. నీ సరుకు ఎక్కువ ఖరాబు చెయ్య. ఇంకొకటి, రుచి జూడకుండ నేను ఇగ వండ."

చెడితే ఏం చేస్తారని ఆ పిల్ల అడిగిన ప్రశ్న మళ్ళీ నా ముందుకు వచ్చింది. అప్పుడు నా దగ్గర చెడదు అన్నాను. నిజమే, చెడలేదు. చెడే అవకాశం ఉన్నదేదీ నేను పొయ్యి ఎక్కించనే లేదు. బీరకాయ పచ్చడి తర్వాత మనవరాలి నాలుగో తరగతి దాకా ఖాళీ.

"చిన్న గిన్నె సరే" అన్నాను. "రుచి సంగతి..." అని ఆగిపోయాను. నోటి దాకా వచ్చింది, దాటలేదు. యాభై ఏళ్ళ అలవాటు.

ఆమె ఆగి చూసింది. నేనేమీ అనకపోయేసరికి గరిటె తీసుకుని, "బిడ్డా, ఇంకొంచెం అన్నమేసుకో" అంటూ వరస వైపు వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చాక కోడలు "వస్తానందా?" అని అడిగింది.

"అనలేదు."

"రానందా?"

"అదీ అనలేదు" అన్నాను.

*

మర్నాడు అయిదున్నరకు కొట్టు తెరిచాను. కూరగాయలాయన వచ్చాడు, సగం బస్తా దొండకాయలు దించాడు. మిగిలిన సిలిండర్ ఊపి చూశాను. ఒక పూటకు సరిపోతుంది. పప్పు పెట్టాను. దేవుడి పటానికి వేరే చిన్న గిన్నెలో ముందే తీసి పెట్టేశాను. ఆయన వాటా ఆయనకు ముందే ముట్టింది కాబట్టి మిగతాది మనుషుల వంట. ఈ ఉపాయం రాత్రంతా ఆలోచించి పట్టుకున్నాను. తర్వాత అలమారు తాళం తీసి ఉప్పు డబ్బా తెచ్చి, మూత తీసి పొయ్యి గట్టు మీద పెట్టాను.

ఆరు దాటింది. ఆమె రాలేదు. కోడలు దొండకాయలు కోయడం మొదలుపెట్టింది. నేను చివర్లు చూడలేదు.

ఆరు ఇరవైకి షట్టర్ కింద నుంచి ఆమె కాళ్ళు కనబడ్డాయి. లోపలికి వచ్చింది. చేతులు కడుక్కుంది. మేకు మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుంది.

"పప్పులో ఉప్పు వేశాను. చూడు" అన్నాను.

గట్టు మీద మూత లేని డబ్బాను చూసింది. గరిటెతో పప్పు తీసి అరచేతిలో వేసుకుని నాలుకకు తగిలించింది.

"తక్కువైంది" అంది.

ఉప్పు చేతి నుంచి చేతికి అందించడం మా ఇళ్ళలో లేదు; కింద పెట్టాలి, వాళ్ళే తీసుకోవాలి. డబ్బాను గట్టు మీద ఆమె వైపు జరిపాను. ఆమె అందులోంచి చిటికెడు తీసి పప్పులో వేసి, రెండుసార్లు తిప్పి, గరిటె నా ముందుకు చాపింది. నేను అరచేయి పట్టాను. చుక్క వేసింది. నాకాను. ఉప్పు సరిపోయింది.

"రామంతాపూర్ ఆమెకు ఏం చెప్పావు?" అని అడిగాను.

"ఏం చెప్పలె. పొద్దుమీకి గేటు కాడ్నే పొద్దువాయె" అంది, దొండకాయల గంప తన వైపు లాక్కుంటూ.

చింతపండు నానబెట్టాను. కోడలు పలక దించి, తడి గుడ్డతో సాంబారు తుడిచేసి, ఆ చోట పచ్చిపులుసు అని రాసి మళ్ళీ తగిలించింది. పదకొండింటికి షట్టర్ పైకెత్తాం.